పండుగ వంటయు పశ్చాత్తాపమును

గడచిన సంక్రాంతికి మేము చిలకలూరిపేటలో బంధువుల యింట నుంటిమి. కనుమనాటి మధ్యాహ్నమున ఆ యింటి అమ్మమ్మగారు డబ్బామూత తీసి, అరిసెలను పళ్లెములో పేర్చి, హైదరాబాదునుండి వచ్చిన మనుమరాలి ముందుంచి, "ఒక్కటి తినవే తల్లీ, కొత్తబియ్యంతో చేసినవి" అనిరి. ఆ పిల్ల చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది. అరిసెను చేతికి దీసికొని, ఒకమాఱు వాసన చూచి, మరల పళ్లెములోనే యుంచి, "వద్దమ్మమ్మా, నిన్నటి పాపమే ఇంకా కడుక్కోలేదు" అనెను. అందఱును నవ్విరి. అమ్మమ్మగారు మాత్రము నవ్వలేదు. అరిసె తినుటలో పాపమేమిటో ఆమెకు బోధపడలేదు. ఆమె మొగమున గనుపించిన చిన్నబోవుట మమ్ము చాల దినములు విడువలేదు.

పాపమను మాట మన భోజనమునకు క్రొత్తది కాదు. ఎంగిలి, మైల, అంటు, పంక్తి భేదము మొదలగు పాపములు మన వంటయిండ్లలో లెక్కకు మిక్కిలిగా నుండెను; వానిలో ననేకములను వదలించుటకే మన సంస్కర్తలు జీవితములు వెచ్చించిరి. కాని పండుగనాడు ఇంట వండిన పిండివంటను తినుట పాపమని యేతరమువారును అనుకొనలేదు. ఇది మన కాలమున బుట్టిన పాపము. దీనిలో నిజమెంత, భ్రమ యెంత యని విచారించుటకు, ఆ పిల్ల కూర్చుండియున్న సీమయొక్క చరిత్రమే తగిన సాక్షియని మాకు దోచినది.

చిలకలూరిపేట నేడు పల్నాడు జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఆ జిల్లా యేర్పడువఱకు గుంటూరు జిల్లాలోనిది. చుట్టును నల్లరేగడి; ప్రత్తియు, మిరపయు, పొగాకును పండు నేల. తూర్పుగా బోయినచో కృష్ణకాలువల క్రింది మాగాణులు, పడమరగా బోయినచో పల్నాటి రాతినేలలు. ఒక ప్రక్క వరి తిను దేశము, వేఱొక ప్రక్క జొన్న తిను దేశము. ఈ రెంటి నడుమ నున్న యూరు గావున, జనుల తిండి యెట్లు మాఱినదో యిక్కడ నిలిచి చూచిన స్పష్టముగ గానవచ్చును.

పల్నాటి తిండినిగూర్చి గట్టిగా మొఱపెట్టుకొన్నవాడు శ్రీనాథుడని ప్రతీతి. రాజాస్థానములలో సన్నన్నమునకు అలవాటుపడిన ఆ 15వ శతాబ్దికవి, ఈ సీమలో దిరుగుచు సజ్జకూటిని, జొన్నకూటిని, రాళ్లను, తేళ్లను ఒకేగాట గట్టి వెక్కిరించెనని ఆతని పేర బ్రచారములోనున్న చాటువులు చెప్పుచున్నవి. ఒక చాటువున నాతడు శ్రీకృష్ణుని సయితము సవాలు చేసెను. పూతన పాలు ద్రావితిని, దావాగ్ని మ్రింగితినని గర్వించుట కాదు. చింతచిగురు వేసి యుడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మ్రింగి చూపుమనెను. ఆ పద్యము విని నవ్వని తెలుగువాడు లేడు. కాని ఆ ముద్దను నేటి ఆహారశాస్త్రజ్ఞుని ముందుంచినచో ఆయన నవ్వడు. జొన్నలో పీచు హెచ్చు. తెల్లని వరియన్నముకంటె మెల్లగా జీర్ణమగును. బచ్చలిలో ఇనుము గలదు. పులుపు తోడైనచో ఆ యినుము దేహమునకు మఱికొంత సులువుగ నందును. మహాకవికి శిక్షగా దోచిన భోజనమును నేడు వైద్యులు మధుమేహరోగులకు కాగితముమీద వ్రాసి యిచ్చుచున్నారు!

అట్లని జొన్నకూటిని స్తోత్రము చేయుటకు మేము పూనుకొనలేదు. పూర్వులు తిన్నదెల్ల అమృతమని చెప్పువారు నేడు పెక్కుమంది బయలుదేరిరి. వారితో మాకు బొత్తు లేదు. దక్కను పీఠభూమిలో జొన్నయే తిని, పప్పును పాలును కూరయు నెఱుగని బీదలకు ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులుచు, విరేచనములగుచు, మతి చలించుచు వచ్చు పెల్లాగ్రా యను వ్యాధి యుండెను. 1960 ప్రాంతమున హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున డాక్టరు గోపాలనుగారును వారి సహచరులును ఈ వ్యాధికిని జొన్నకును గల సంబంధమును వెల్లడించిరి. దోషము జొన్నది మాత్రమే కాదు. జొన్న తప్ప మఱేమియు లేకపోవుటది. ఒక ధాన్యమునే నమ్ముకొన్న యిల్లు, అది యే ధాన్యమైనను, మోసపోవును.

ఇట్టి సీమలో వరియన్నమే పండుగ. ఈ సంగతి డెల్టావారికి సులభముగ దెలియదు. మెట్టయూళ్లలో బీదరైతునకును కూలివానికిని తెల్లయన్నము పెండ్లినాడో, సంక్రాంతినాడో, అల్లుడు వచ్చిననాడో దక్కెడిది. అరిసె యనగా నేమి? క్రొత్తబియ్యము, బెల్లము, నువ్వులు, నెయ్యియో నూనెయో. ఏడాదిలో దుర్లభములైన వస్తువులన్నియు ఒక్కచోట చేరినది. అది చేయుట యెంత శ్రమమో చూచినవారికే తెలియును. బియ్యము నానబెట్టి, నీళ్లు మార్చి, ఓడ్చి, తడి యాఱకుండగనే రోట దంచి, జల్లించి, పిండి యాఱిపోకుండ నదిమి పెట్టవలెను. బెల్లపు పాకము లేత యైనచో అరిసె నూనెలో విడిపోవును, ముదిరినచో రాయి యగును. వేచి తీసినవెంటనే రెండు చెక్కల నడుమ నుంచి యొత్తి నూనెను పిండివేయుదురు. నూనె హెచ్చు తినరాదని యే వైద్యుడును చెప్పకమునుపే యీ చెక్కలు మన యిండ్లలో నుండెను. నూనె వెలగలది, వృథా చేయరాదని మాత్రమే వారి యెన్నిక. రోకలిపోటు వేసిన చేతులే ఆ యరిసెలను తినెడివి. అరిసె కడుపులోనికి బోవుటకు ముందే దాని వెల చెమటగా చెల్లిపోయెడిది.

పండుగనాడు కడుపునిండ తినుటకు ఈ నేలలో నింకొక యర్థమును గలదు. నందన నామసంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమకు వచ్చిన కరువు మన చరిత్రములోని ఘోరములలో నొకటి. అప్పటి జిల్లా జనము సుమారు అయిదు లక్షలు. అందులో లక్షన్నరకు దక్కువగాక మరణించిరని లెక్క. మూడుపాళ్లలో నొకపాలు! పల్లెలు పల్లెలే పాడువడెను. ఆ కరువే తరువాత కృష్ణకు అడ్డముగ ఆనకట్ట కట్టుటకు గల కారణములలో నొకటి. మఱల 1876-78 నడుమ, ధాత సంవత్సరమున మొదలైన మహాక్షామము దక్షిణదేశమునెల్ల నేలబడవేసెను. అప్పుడు కరువుపనులకు వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని 1877లో సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఆ తిండితో పనిచేయు మనుష్యుడు బ్రతుకజాలడని వాదించెను. కడకు కొలత పెంచక తప్పలేదు. మన జనుల తిండిని తూచి, అంకెలు వేసి, ఇంతకుమించి యక్కఱలేదని చెప్పుట మన చరిత్రమున నట్లు ప్రసిద్ధికెక్కినది. ఆకలిగొన్నవాని కంచమును సర్కారు తూచిన యా కాలమునకును, నిండినవాడు తన కంచమును తానే తూచుకొని దుఃఖించు నీ కాలమునకును నడుమ నూటయేబది యేండ్లు గూడ లేవు.

మన విందులలో "ఇంకొక్కటి, మామీద ఒట్టు" అని కొసరి కొసరి వడ్డించు నాచారము ఆ కరువుల నీడ యని మాకు దోచును. వద్దన్న యతిథి మొగమాటపడుచున్నాడనియే యిల్లాలి నమ్మిక. ఏలయన, నిజముగ ఆకలిలేని మనుష్యుని ఆమె తల్లి చూచి యుండదు. ఆ యాదరమును మేము నిందింపము. కాని ఆకలి పోయిన పిమ్మట ఒట్లు మాత్రము మిగిలియుండుట తగదు. విస్తరిలో సగము విడిచిపెట్టించుట మర్యాదయు గాదు, పుణ్యమును గాదు.

ఇక పండుగల వంటలను ఏడాది పొడుగున వరుసగ జూతము. తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసరి బెల్లము కలిపిన పేలాలపిండి. వినాయకచవితికి కుడుములు, ఉండ్రాళ్లు. రెండును ఆవిరిమీద నుడికినవి, నూనె సోకనివి. నాగులచవితికి చిమ్మిలి, చలిమిడి. పొయ్యి వెలిగింపనక్కఱయే లేదు. సంక్రాంతికి అరిసెలు. ఉగాదికి వేపపూత పచ్చడి, ఓపిక గలవారికి బొబ్బట్లు. శ్రీరామనవమికి మిరియాలు వేసిన పానకము, నానబెట్టిన పెసరపప్పు. పిండివంట యనగానే నూనెలో దేలునదని తలచువారు ఈ వరుసను చూడవలెను. కాగిన నూనెతో సంబంధము లేనివే యిందులో హెచ్చు. మన పెద్దలు విటమినుల నన్నిటిని ముందే కనుగొని యిట్లేర్పఱచిరని గర్వించుట మాత్రము హాస్యాస్పదము. ఆ ఋతువున పొలములో నేది చేతికి వచ్చెనో అదియే దేవుని ముందునకు వచ్చెను. నువ్వులు చలికాలమున, బెల్లము చెఱకు గానుగ లాడినప్పుడు, పానకము ఎండ ముదిరినప్పుడు. బెల్లమునుగూర్చియు నొక మాట. పంచదార విషము, బెల్లము ఔషధమని నేడు వినవచ్చుచున్నది. బెల్లములో కొంచెము ఇనుము, కొన్ని లవణములు గలవు; కాని దేహములో జేరిన పిమ్మట అదియు చక్కెరయే. మధుమేహము గలవాడు బెల్లమని ధైర్యము వహింపరాదు.

చిలకలూరిపేటవారికి సంక్రాంతి తరువాత పెద్దపండుగ కోటప్పకొండ తిరునాళ్ల. మహాశివరాత్రికి పురుషోత్తమపట్నము మొదలుకొని చుట్టుప్రక్కల నూళ్లవారు వెదుళ్లతో, వస్త్రములతో, నేడు విద్యుద్దీపములతో ఆకాశమంటు ప్రభలను గట్టి త్రికోటేశ్వరుని కొండకు దీసికొనిపోవుదురు. ఒకప్పుడు ఎద్దులు లాగెడివి. మనుష్యులు ప్రక్కనే నడచెడివారు. పగలెల్ల ఉపవాసము, రాత్రి జాగరణము, తెల్లవాఱిన పిమ్మట భోజనము. ఆకలితో నడచి, కొండయెక్కి, నిద్రమాని, మఱునాడు తిన్నవాని కంచమును జూచి ఎవడు లెక్క వేయును? నేడు కొండమీదికి ఘాటురోడ్డు గలదు, ప్రభలను ట్రాక్టర్లు లాగుచున్నవి. మంచిదే, ముసలివారును, రోగులును దేవుని జూడగలుగుచున్నారు. నడక పోయినది, ఉపవాసము పేరునకు మిగిలి పండ్లతోడను, ఉప్మాతోడను నిండినది. మఱునాటి భోజనము మాత్రము తఱుగలేదు. పండుగయొక్క మూడు కాళ్లలో రెండు విఱిగినవి, మూడవదానిమీద నిలువబెట్టి, అది వంకరగా నున్నదని నిందించుచున్నాము.

ఇంతవఱకు పండుగను జూచితిమి. అసలు వ్యాజ్యము పండుగమీద గాదు, మామూలు దినముమీద. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టాలో వరి విస్తరించెను. దంపుడు బియ్యమునకు బదులు యంత్రపు మరలలో తెల్లగా తోమిన బియ్యము వచ్చెను. తెల్లనిది గొప్ప, ముడిది తక్కువ యని జనులు నమ్మిరి. ఉత్తర సర్కారులలో బెరిబెరి యను కాళ్లు పడిపోవు వ్యాధి పూర్వమునుండి యుండెను. 1835లోనే మాల్కమ్‌సన్ అను వైద్యుడు దానినిగూర్చి మదరాసులో నొక గ్రంథము ప్రకటించెను. కారణ మప్పటికి ఎవరికిని తెలియదు. శతాబ్ది చివర జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తోమిన బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి జబ్బే కలుగుటను గనిపెట్టిన పిమ్మట, తవుడుతోబాటు మనము పశువులకు బోయుచున్నదేమో బోధపడెను. ఉప్పుడుబియ్యము తిను ప్రాంతములవారికి ఈ వ్యాధి యరుదు. పచ్చిబియ్యము తోమించి తిను మన సర్కారులవారికి హెచ్చు. గంజి వార్చి పాఱబోయుట దానికి దోడు.

కూనూరులో 1918లో మెకారిసన్ దొర బెరిబెరి విచారణకై యొక చిన్నశాఖను స్థాపించెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు దరలి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యని పేరొందినది. మెకారిసన్ హిందూదేశములోని వేర్వేఱు ప్రాంతములవారి భోజనములను ఎలుకలకు బెట్టి చూచెను. సిక్కుల గోధుమరొట్టె, పాలు, పప్పు, కూర తిన్న యెలుకలు బలిసెను. మదరాసువారి భోజనము తిన్న యెలుకలు అన్నిటికంటె బక్కచిక్కెను. మన మప్పుడు మదరాసు రాజధానిలోనివారమే! ఆ యెలుకలకు ఎవరును అరిసెలు పెట్టలేదు, బూరెలు పెట్టలేదు. వానిని చెఱచినది మన మామూలు దినపు విస్తరి: కొండంత అన్నము, చెంచాడు పప్పు, చింతపండు చారు.

అటుపిమ్మట మెట్టకును వరి వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ పల్నాటి మెట్టలలో బాఱెను. 1983లో రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చుటతో కూలివాని యింటను నిత్యము తెల్లయన్నము కుతకుత నుడికెను. దీనిని నిందించు సాహసము మాకు లేదు. నందన కరువును దలచుకొన్నవాడెవడును నిండిన కుండను నిందింపడు. కాని జరిగినదేమో చెప్పవలెను: ఒకప్పటి పండుగ తిండి నిత్యపు తిండి యైనది, ఒకప్పటి నిత్యపు తిండి, ఆ బచ్చలియు చింతచిగురును జొన్నయు, కంచమునుండి తొలగినది. పొలములో వంగిన నడుములు బల్లముందు కూర్చుండినవి.

ఇటీవల మిగిలిన పండుగ వంటలకును అదే గతి పట్టినది. పెద్దబాట ప్రక్కనున్న మిఠాయి దుకాణములలో అరిసెలు, సున్నుండలు, బొబ్బట్లు ఏడాది పొడుగున తూకమునకు దొరకును. సాయంకాలము కాఫీతో బజ్జీలు, ఆదివారమునకు బిరియాని, పుట్టినదినము, ఇంటి పండుగ, కార్యాలయపు విందు. అందులో పెక్కు దుకాణముల మూకుడులోని నూనె నిన్నటిది, మొన్నటిది. 1937లో మన దేశమున డాల్డా వచ్చినప్పుడు నేతికి బదులు దొరకినదని బీదసాదలు సంతసించిరి. అట్టి గడ్డకట్టిన నూనెలలోని చెడు క్రొవ్వు గుండెకు హానియని తేలుటకు చాల కాలము పట్టెను. 2022 జనవరి మొదలుకొని అది నూటికి 2 పాళ్లకు మించరాదని చట్టము. పూర్వము ఇంటిలో చెక్కల నడుమ పిండిన నూనె లెక్క, నేడు చట్టసభ చేయవలసి వచ్చినది.

ఫలితమేమి? 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి లెక్క ప్రకారము దేశమున 10.1 కోట్లమందికి మధుమేహము గలదు, మఱి 13.6 కోట్లమంది దాని గడపలో నిలిచియున్నారు. 2019-21 నాటి కుటుంబారోగ్య విచారణలో ఆంధ్రప్రదేశ్‌లోని స్త్రీలలో నూటికి సుమారు 36 మంది మితిమించిన బరువు గలవారు. అదే విచారణలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చదువరులు కొంచెము నిలిచి చూడవలెనని మా ప్రార్థన. ఒకే రాష్ట్రమున, తఱచుగ ఒకే యింట, ఒక్కొక్కప్పుడు ఒకే దేహమున క్రొవ్వు హెచ్చు, రక్తము తక్కువ. ఇది పండుగలు చేసిన పని కాదు. ఏడాదికి పది పండ్రెండు పండుగలు. మిగిలిన మున్నూటయేబది దినములు తెల్లయన్నము, తక్కువ పప్పు, తక్కువ కూర.

పండుగ తిండికి బొత్తిగా దోషము లేదని చెప్పుట మాత్రము మా యుద్దేశము గాదు. అమెరికాలో 195 మంది పెద్దవారిని నవంబరు జనవరి నడుమ, వారి పెద్దపండుగల ఋతువున, తూచి చూచిరి. 2000లో ప్రకటింపబడిన యా లెక్క ప్రకారము పెరిగిన బరువు సగటున 0.37 కిలో మాత్రమే. తమకు దానికి నాలుగింతలు పెరిగినదని వారు భయపడిరట! భయమే పెద్దది, బరువు చిన్నది. కాని ఆ చిన్న బరువు తరువాతి నెలలలో కరగక నిలిచిపోయినది. సంవత్సరమున కింత చొప్పున చేరినచో ఇరువది యేండ్లకు ఏమగునో లెక్క వేసికొనవచ్చును. కావున పండుగ మఱునాడు పశ్చాత్తాపపడి ప్రయోజనము లేదు. ఆ మఱునాటి మామూలు భోజనము మామూలుగా నున్నదా యనునదే ప్రశ్న.

కొందఱు హితవరులు దీనికి నిప్పుపెట్టి ఆర్పు మార్గము చూపుదురు. కొన్నియేండ్ల క్రిందట మన కోస్తా జిల్లాలలో అన్నము మాని కొబ్బరినూనెయు క్రొవ్వులును తినుమను పద్ధతి యొకటి దావాగ్నివలె వ్యాపించెను. పట్టుదలతో మొదలుపెట్టినవారిలో పెక్కుమంది నెలలలో విడిచి, విడిచిన పాపమును గూడ నెత్తిన వేసికొనిరి. ఇంకొందఱు పండుగనాడు ఉప్పు తీపి నూనెలు లేని వంటను ఇంటిల్లపాదికిని విధింతురు. అట్టి యింటి పిల్లలు ప్రక్కయింట తిందురు. మన ప్రాచీన వైద్యగ్రంథములు ఇంతకంటె మర్యాదగా మాటలాడినవి. బరువైన పదార్థములను సగము తృప్తి వఱకు, తేలికైనవానిని అతితృప్తి గాకుండ తినుమనియు, కుక్షిని నాలుగు పాళ్లు చేసి రెంటిని అన్నముతోడను, ఒకదానిని ద్రవముతోడను నింపి, నాలుగవదానిని ఖాళీగా విడువుమనియు వాగ్భటుడు చెప్పెను. బరువైనది తినకుమని యనలేదు, సగము తినుమనెను.

మన పండుగ విస్తరినే చూతము. పులిహోర, గారెలు, బూరెలు, పరమాన్నము, దానిపై అన్నము. బియ్యము నాలుగు వేషములు వేసికొని వచ్చినది. కూర యొక మూల సిగ్గుపడుచుండును. మొదట తీపి వడ్డించుట మన యాచారము. ఆకలిగొన్న కడుపు తీపితో మొదలుపెట్టుటకంటె కూర, పప్పు ముందు తిని, అన్నమును తీపిని తరువాత తిన్నచో రక్తములో చక్కెర తక్కువగ పెరుగునని 2015లో న్యూయార్కునందు చేసిన యొక పరిశీలన తెలిపినది. పరీక్షింపబడినవారు కొలదిమందియే, అయినను అందు నష్టమేమియు లేదు. బూరెను విస్తరి మొదటినుండి చివరకు జరుపుట కే శాస్త్రమును అడ్డురాదు. భోజనమైనవెంటనే పడకగదికి బోవుటకంటె వీథిలో ప్రభలను, ముగ్గులను చూచుచు పదినిమిషములు తిరిగివచ్చుట మేలు. రోగము గలవారు మాత్రము తమ వైద్యుని ముందే యడుగవలెను. మధుమేహమునకు సూదిమందో మాత్రలో వాడుచు శివరాత్రి ఉపవాసముండువారికి తీపి తినుటకంటె ఏమియు తినకపోవుటయే యపాయకరము కావచ్చును. చక్కెర పడిపోయి స్పృహ తప్పిన పిమ్మట పుణ్యమును లెక్కించువారుండరు.

పాపమను మాటతో మొదలుపెట్టితిమి గావున, పండుగ వంటయింట నిజమైన పాపమేదైన గలదా యని వెదకితిమి. ఉన్నది. తెల్లవాఱుజామున లేచి పొయ్యి ముందు కూర్చున్నవారు అందఱికంటె చివర తినుట. అప్పటికి కూర యడుగంటి, పప్పు నీరై, గారెలు చల్లారి, మిగిలినది చల్లన్నమును పచ్చడియు నగుట. పైన జెప్పిన నూటికి 59 మంది రక్తహీనులు ఎక్కడనుండి వచ్చిరో తెలిసికొనుటకు ప్రయోగశాలకు బోనక్కఱలేదు. పండుగనాడు మధ్యాహ్నము మూడు గంటలకు ఏ యింటి వంటగదిలోనికైన తొంగి చూచిన చాలును. పల్నాటి వీరచరిత్రమున బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని ప్రసిద్ధి. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరారాధనోత్సవములలో మందపోరు దినమున చాపకూడు పెట్టుదురు. పండ్రెండవ శతాబ్దియందు కులము విడిచి చాప పఱచిన సీమలో, ఇరువదియొకటవ శతాబ్దియందు గూడ వండినయామెకు ఆ చాపమీద చోటు దొరకలేదు.

ఆ కనుమనాడు మేము భోజనము చేసి, కొంచెము కునికి, మంచినీళ్లకని వంటగదివైపు బోయినప్పుడు మూడు దాటినది. అమ్మమ్మగారు అప్పుడే పీట వాల్చుకొని కూర్చుండిరి. మనుమరాలు గిన్నెలు వెదకి, అడుగున నున్న గోంగూర పప్పును, రెండు గారెలను, తోడుపెట్టిన పెరుగును ఆమె విస్తరిలో వడ్డించి, తానును ఎదుట నేలమీద కూర్చుండెను. కొంతసేపటికి ఆ పిల్ల లేచి, ప్రొద్దుటి పళ్లెము తెచ్చి, ఒక అరిసెను రెండుగా తుంచి, ఒక ముక్కను అమ్మమ్మగారి విస్తరిలో నుంచి, రెండవ ముక్కను తాను నోట వేసికొనెను. అమ్మమ్మగారు తమ ముక్కను నమలి చూచి, "ఈసారి పాకం కొంచెం ముదిరిందే" అనిరి.